రెండో భాగంలో ఎల్లస్వామి

"క్యాసెట్ వచ్చిందంట గద మొయినన్నా. ఆయన ఉన్నడా అండ్ల?"

అండాలు గడప దగ్గరే నిలబడి అడిగింది. నందికొండ బజారులో మొయినుద్దీన్ నడిపే వీడియో దుకాణం అది. ముందు గదిలో క్యాసెట్లు కిరాయికిస్తాడు, పరదా వెనక గదిలో టీవీ పెట్టి సినిమాలు వేస్తాడు. దయ్యం సినిమా రెండో భాగం ముందురోజే హైదరాబాద్ నుంచి వచ్చింది. వచ్చిన పూటే అతను దాన్ని రెండుసార్లు చూశాడు. ఎల్లస్వామి ఎక్కడా లేడు.

"నేనింకా చూడలే చెల్లె," అన్నాడు. "ఏమైంది? గంత తొందరేంది?"

"రేపు అమాస. రేపే చేస్తరంట." ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది అండాలు. "ఆయన పేరు మీద గడ్డిబొమ్మ చేసి కాలవెడ్తరు. నా గాజులు పలగొట్టి మోత్కూరుకు, మా అమ్మగారింటికి తోలుతరు. మా బావ మనుషులను గూడ పిలిచిండు."

ఎల్లస్వామి ఆమె మొగుడు. సాగర్ నీళ్లలో చేపలు పట్టేవాడు. మొయినుద్దీన్‌కు చిన్నప్పటి దోస్తు. నాలుగేళ్ల కింద దయ్యం సినిమా తీసేవాళ్లు ఇక్కడికొచ్చారు. నీళ్లలో శవమై తేలి, కళ్లు తెరిచి లేచే వేషానికి మంచి ఈతగాడు కావాలంటే ఇతనే ఎగేసుకుని పోయాడు. సినిమా బాగా ఆడింది. రెండో భాగంలోనూ వేషం నీకేనని ఎవరో అంటే మద్రాసు బండెక్కాడు. అంతే, జాబు లేదు, జాడ లేదు. మొన్న ఒక లారీ డ్రైవరు వచ్చి, అక్కడి దవాఖానలో పోయాడట అని చెప్పి, చాయ్ తాగి వెళ్లాడు. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో ఆ డ్రైవరుకే తెలియదు. ఆ మాత్రం మాటకే ఎల్లస్వామి అన్న రామచంద్రయ్య బొమ్మకోసం గడ్డి కోయించాడు. ఎంత తొందరో ఆ మహానుభావుడికి!

"సినిమాల కనవడితె బతికున్నట్టు, లేకుంటె లేనట్టు అంటుండు మా బావ," అంది అండాలు. "మా అత్తనే చూసి చెప్పాలెనంట."

"మరి అవ్వ ఏమంటాంది?"

"ఏమంటది? నోరిప్పదు. నాతోని మాట్లాడక ఎన్నొద్దులాయెనో."

ఆమె కళ్లు తడిగా లేవు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. ఏడ్చినా బాగుండేదనిపించింది మొయినుద్దీన్‌కు.

"ఫికర్ చేయకు చెల్లె. మధ్యాన్నం అందర్ని తోల్కరా."

ఆమె వెళ్లగానే మొదటి భాగం క్యాసెట్ తీసి రెండో భాగం డబ్బాలో పెట్టాడు. పేర్లు పడే ముక్క దాటేదాకా తిప్పి ఉంచాడు. అతని ధైర్యం ఒక్కటే. ఆ ఇంట్లో మొదటి భాగం ఎవరూ చూడలేదు. బతికున్నవాడు శవం వేషం కట్టడం అరిష్టమని అప్పట్లో పెద్ద గొడవ చేశారు. "నా కొడుకును పీనుగోలె చూసేకంటె నా కండ్లు పోయినా మంచిదే," అని తల్లి రామమ్మ వాకిట్లో నిలబడి సినిమావాళ్ల మీద దుమ్మెత్తి పోసింది. ఎవరూ చూడొద్దని రామచంద్రయ్య ఒట్టు పెట్టించాడు. ఇప్పుడు ఎట్లాగూ చచ్చాడనుకున్నారు గనుక చూడ్డానికి అడ్డేమీ లేదు.

మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. రామచంద్రయ్య డబ్బాను అటూ ఇటూ తిప్పాడు.

"గిది రెండోదేనా?"

"డబ్బా మీద రాసుంది గదన్నా, చూడు."

రామమ్మ కుర్చీ వద్దని టీవీ ముందు కింద కూర్చుంది. సినిమా మొదలైంది. కాసేపటికి తెర నిండా నీళ్లు. నీళ్ల మీద ఒక శవం తేలింది. మొహానికి తెల్లరంగు, నుదుటి మీద జుట్టు. గాజులు చప్పుడు కాకుండా అండాలు రెండో చేత్తో పట్టుకుంది. శవం కళ్లు తెరిచింది.

"గీ రంగు పూసిన మొహం ఎవనిదో ఏమో," అన్నాడు రామచంద్రయ్య. "అమ్మా, కన్నదానివి నువ్వు చెప్పు. నువ్వు కాదంటె కాదు."

రామమ్మ టీవీకి ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"మల్లొక్కసారి పెట్టు," అంది ఆమె.

వెనక్కి తిప్పి పెట్టాడు. శవం మళ్లీ తేలింది, మళ్లీ కళ్లు తెరిచింది. రామమ్మ అరచేయి టీవీ అద్దం మీద పెట్టింది.

"వీడే. నా ఎల్లడే."

"సక్కగ చూడవే. పాతదాంట్ల ముక్క పెట్టిండ్రేమో."

"పాతదేందిరా? పోయిన్నాటికంటె జర ఒళ్లు చేసిండు. మద్రాసు కూడు వంటవట్టింది. కన్నదాన్ని, నాకు తెల్వదా?"

మొయినుద్దీన్ తల దించుకున్నాడు. ఆ సీను తీసింది ఎల్లస్వామి మద్రాసు పోకముందు. తల్లి ఆశకు లేని కండ కూడా కనిపిస్తుంది కాబోలు. ముసలిదాన్ని ఇంత మోసం చేశానే అని తన మీద తనకే అసహ్యం వేసింది.

రామచంద్రయ్య కాసేపు గొణిగాడు.

"సరే తియ్. తల్లే అన్నంక నేనేం జేస్త? రేపటిది బందు."

లుంగీ దులుపుకుని, పిలిచినవాళ్లకు ఆ మాట చెప్పడానికి వెళ్లిపోయాడు.

అండాలు అప్పుడూ ఏడవలేదు. "బతికుండి రాకపాయె," అంది. "పోనీ. యాడనో ఓ కాడ ఉండనీ." చెప్పులేసుకుని మెట్లు దిగింది.

రామమ్మ గోడ పట్టుకుని లేవబోతే మొయినుద్దీన్ చెయ్యందించాడు. లేచాక కూడా ఆమె ఆ చేతిని వదల్లేదు. కోడలు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

"మనసు నిమ్మలమైందా అవ్వా?" అన్నాడు అతను, ఆమె మొహంలోకి చూడలేక.

ఆమె అతని చెవి దగ్గరికి జరిగింది.

"మొదటి భాగం నేనెప్పుడో హాల్ల చూసిన బిడ్డా."