ఐసులో పెట్టండి

"మిగిలిపోయాయండి. లేనివాళ్ళకెవరికైనా ఇవ్వండి," అంటూ అలివేలుమంగ నాలుగు ఇన్సులిన్ సీసాలను మందుల షాపు బల్లపై పెట్టింది. ఆమె భర్త వేణుగోపాలరాజు పోయి రెండు నెలలైంది.

షాపు యజమాని జగన్నాథరావు ఒక సీసాను వెలుతురుకెత్తి చూశాడు. పాలలా ఉండవలసిన మందులో రవ్వలాంటి గడ్డలు తేలుతున్నాయి.

"ఇవి ఎక్కడ ఉంచారమ్మా?"

"మా రొయ్యలు నిలవచేసే ఫ్రీజర్‌లోనండి. ఐసులో పెట్టమని మీరే చెప్పారు కదా! పొద్దున్నే అరచేతిలో కరిగించి సూది వేసేదాన్ని."

చెప్పాడు. ఇంటికి చేరేవరకే అని మాత్రం చెప్పలేదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మరి పనిచేయదు.

"అయినా షుగరు దిగలేదండి. దొంగచాటుగా పూతరేకులు తింటున్నారని రోజూ తిట్టిపోశాను. ఒట్టేసినా నమ్మలేదు. చివరి నెల ఆయనతో మాట్లాడనే లేదు."

జగన్నాథరావు ఊరుకుంటే తన తప్పు ఎవరికీ తెలియదు. కానీ ఆ నింద రాజుగారి మీదే ఉండిపోతుంది.

"ఆయన తినలేదమ్మా. ఫ్రీజర్‌లో మందు చచ్చిపోయింది. సరిగా చెప్పకపోవడం నా తప్పు."

ఆమె చెయ్యి పైకెత్తి, తన పాపిట తడుముకుంది.

"ఇక్కడ చెయ్యి పెట్టి వేశారండి, ఒట్టు."