పినో న్వార్ వాసన

"ఏదో ఒకరోజు ఈ తాగుడు నీ లివరు తినేస్తుందే" అంది తల్లి, కూతురు సీసా మూత తీయకముందే.

"తాగనమ్మా, పుక్కిలించి ఉమ్మేస్తాను. ఎన్నిసార్లు చెప్పాలి? రేపే వైన్ రుచి చూసి చెప్పే పరీక్ష. తప్పితే హోటల్లో నన్ను ఉంచరు."

కూతురు పల్చటి ఎర్రటి పినో న్వార్ వైన్‌ను గ్లాసులో తిప్పింది, నోట్లో పోసుకుంది, బకెట్లో ఉమ్మింది. కాగితం మీద ఏదో రాసి కొట్టేసింది. ఆరోసారి కూడా అంతే. పెన్ను విసిరికొట్టింది.

"పులుపుంది, కాస్త వగరుంది. ఇంకేం లేదిందులో. వట్టి నీళ్లు."

పాడైన సరుకేమోనని తల్లి గ్లాసు లాక్కుని వాసన చూసింది. "మాగిన చెర్రీపళ్లు, వాటి వెనకే తడిసిన మన్ను. ఇంత గుప్పుమంటుంటే ఏం లేదంటావేంటే?"

కూతురు గ్లాసు తిరిగి అడగలేదు. పెన్ను వెతుక్కుని, "చెర్రీ తర్వాత ఏమన్నావు?" అంటూ ఆ మాటలే రాసుకుంది.

కీడెంచి మేలెంచాలంటూ తల్లి ఇన్నాళ్లూ కూతురికి రాని జబ్బులన్నీ ఊహించింది. ఇదొక్కటీ ఊహించలేదు.

"నీకు వాసన తెలియట్లేదా?"

కూతురు కాగితం మడిచి పక్కన పెట్టింది.

"నెల్లాళ్లైందమ్మా" అంది. "చెబితే నువ్వు బెంగపెట్టుకుంటావని."