లాకప్ గారు చెయ్యని దొంగతనం

లాకప్ కొంప కన్నతల్లే ముంచింది.

లాకప్ అన్నది ర్యాప్ పాటలు పాడే రోజుల్లో అతను తనకి తనే పెట్టుకున్న పేరు. నగల కొట్టు గోడకి కన్నం వేసి నెక్లెస్ కొట్టేశాననీ, పోలీసులు అనుమానం మీద పట్టుకెళ్ళి చితక్కొట్టినా నోరు విప్పలేదనీ కట్టిన పాటకి కుర్రకారు ఊగిపోయారు. వాళ్ళ ఊళ్ళో అలాంటి దొంగతనం నిజంగానే జరిగింది. దొంగెవరో తేలలేదు కాబట్టి మనవాడు దాన్ని తన ఖాతాలో వేసుకున్నాడు. పాటని పట్టుకుని పోలీసులు రారని అతని ధీమా.

తర్వాత పొట్ట వచ్చింది. పాట మధ్యలో ఆయాసం మొదలైంది. దాంతో టీవీకి మారాడు. ఇనుప చువ్వల సెట్టు వేయించి, పెద్దమనుషుల్ని లోపల కూర్చోబెట్టి, దొంగకి దొంగ బుద్ధులు తెలుస్తాయంటూ ప్రశ్నలడిగే షో. జనం ఎగబడి చూశారు.

అలాంటి సమయంలో పక్క చానెల్ వాళ్ళు వెళ్ళి తల్లి ముందు మైకు పెట్టారు. బొద్దింకని చూస్తే మంచమెక్కే పిల్లాడనీ, వాడికి దొంగతనమేంటనీ ఆవిడ మురిసిపోతూ నిజం కక్కేసింది. సాయంత్రానికల్లా ఊరంతా నవ్వింది. దొంగవని రుజువు చేసుకోకపోతే షో ఎత్తేస్తానని చానెల్ ఓనరు చల్లగా చెప్పాడు.

షో తప్ప లాకప్‌కి ఇంకో బతుకు తెలీదు. అందుకని అప్పట్లో ఆ కేసు దర్యాప్తు చేసి, ఇప్పుడు రిటైరైన ఇన్‌స్పెక్టర్ని వెతికి మరీ అతిథిగా పిలిచాడు. మేకప్ గదిలో తలుపేసి, కాళ్ళ మీద పడినంత పని చేశాడు.

"అప్పట్లో నన్ను కుమ్మేశానని ఒక్క ముక్క చెప్పండి సార్."

"నిన్ను నేనెప్పుడూ చూళ్ళేదు కదయ్యా," అన్నాడు పెద్దాయన, బట్టతల మీది పౌడరు తుడుచుకుంటూ.

కాసేపు ఆలోచించి, ఆయన ఒప్పుకున్నాడు. అయితే తను కొట్టానంటే చాలదట. దొంగతనం చేశానని లాకప్ తన నోటితో చెప్పాలట. నెక్లెస్ ఏదని ఎవరైనా అడుగుతారు కాబట్టి కరిగించేశానని కూడా చెప్పాలట. ఇంత మంచి మనిషి పోలీసుల్లో ఉంటాడని లాకప్ కలలో కూడా అనుకోలేదు.

షో అదిరిపోయింది. లాకప్ కన్నం ఎలా వేశాడో చేతులు తిప్పుతూ చెప్పాడు. నెక్లెస్ కరిగించి అమ్మి, ఆ డబ్బు తాగేశానన్నాడు. చప్పట్లు మోగుతుండగా ఇన్‌స్పెక్టర్ సైగ చేశాడు, యూనిఫాంలో ఇద్దరు లోపలికొచ్చారు. ఇదీ షోలో భాగమే అనుకుని లాకప్ స్టైలుగా చేతులు చాపాడు. బేడీలు నిజమైనవని జీపు కదిలాక గానీ తెలియలేదు.

మర్నాడు తల్లి స్టేషన్‌కొచ్చి, ఆ దొంగతనం జరిగిన వారమంతా మావాడు గవదబిళ్ళలతో పడుకునే ఉన్నాడని ఒట్టేసి చెప్పింది. ఇక్కడికొచ్చే తల్లులందరూ ఇదే చెబుతారమ్మా అని, మంచినీళ్ళిచ్చి పంపించారు.

సాయంత్రం రిటైరైన ఇన్‌స్పెక్టర్ చూడ్డానికొచ్చాడు. కానిస్టేబుల్ని టీకి పంపాడు. లాకప్ ఊచలు పట్టుకుని బావురుమన్నాడు.

"నిజం మీకు తెలుసు కదా సార్. దొంగ నేను కాదని వీళ్ళకి చెప్పండి."

"నువ్వు కాదని నాకు తెలీదా ఏంటయ్యా?" అంటూ పెద్దాయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కేసు మూతపడేదాకా బయట పెట్టుకోవద్దన్నానని, పాపం మా ఆవిడ ఇన్నేళ్ళూ ఆ నెక్లెస్ తలుపులేసుకునే పెట్టుకుంది."