ఎడమవైపు అద్దం

గోపాలకృష్ణమూర్తికి ఏళ్ల తరబడి ఒక సందేహం. ఇంట్లో దేవుడి ముందు కూర్చుంటే విష్ణుసహస్రనామం ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివే భార్య సీతారత్నం, మోటారుసైకిలు వెనక కూర్చున్నప్పుడు మాత్రం ఎక్కడో ఒకచోట నామం తప్పుతుంది. "కృష్ణ కృష్ణ" అనుకుని మళ్లీ శ్లోకం మొదటికి వస్తుంది. లారీలంటే భయమేమో అనుకున్నాడు. లారీలు లేని కాలవగట్టు మీదా తప్పేది. నడిచే బండి మీద భగవంతుడికి ఆ పిలుపు అందదా అని కూడా అనుమానం వచ్చింది. అడగలేదు. భక్తిగా నామం చెప్పుకునే మనిషిని ఎందుకు తప్పిందని నిలదీస్తే ఏం బావుంటుంది?

ఆ ఏకాదశి పొద్దున మాత్రం ఆ సందేహం ఆయనకు గుర్తే లేదు. గుడివాడ షోరూం ముందు, సర్వీసింగ్ చేసి కడిగి నిలబెట్టిన తన బండిని చూసుకుని నిలువునా నీరైపోయాడు.

"నా అద్దం ఏదమ్మా?"

"రెండూ ఉన్నాయి కదా బాబాయ్ గారూ!" అంది షోరూం చూసుకునే హారిక. "ఎడమవైపుది కొత్తది కూడాను. పాతది లోపలికి వంగిపోయిందని మా మెకానిక్ మార్చేశాడు."

"ఎవరు మార్చమన్నారు?"

మెకానిక్ ఏసుబాబు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఎక్కడో పడి వంగిందనుకున్నానండీ. అందులో చూస్తే రోడ్డు కనపడితేగా? ఎంతసేపూ వెనక సీటే!"

గోపాలకృష్ణమూర్తి చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో సీతారత్నం పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతోంది. హంసలదీవి వేణుగోపాలస్వామి దర్శనానికి బయల్దేరిన మనిషి.

"రోడ్డుకి కుడి అద్దం ఉందిగా," అన్నాడాయన గొంతు తగ్గించి. "దాని జోలికెందుకు వెళ్లావయ్యా?"

"తప్పు మాదేనండీ," అంది హారిక వెంటనే. "మిమ్మల్ని అడక్కుండా మార్చకూడదు. కొత్త అద్దానికి మీరేం ఇవ్వక్కర్లేదు. ఈసారి సర్వీసింగ్ కూడా ఊరికే చేయిస్తాను."

"ఊరికే వద్దు తల్లీ. నా అద్దం నాకిప్పించు, చాలు."

"దీన్నే లోపలికి తిప్పుతానుండండి," అంటూ ఏసుబాబు కొత్త అద్దం వంచాడు. గోపాలకృష్ణమూర్తి బండెక్కి చూశాడు. తన భుజం కనిపించింది. ఇంకాస్త తిప్పితే ఎదురు టీకొట్టు కనిపించింది.

"దీని రాడ్ పొట్టిది. పైగా ఇందులో చిన్నగా కనపడుతోంది."

"ఏంటండీ చిన్నగా కనపడేది?"

"అన్నీనూ!" అని కసిరాడు.

"మరి పాతది పొద్దున్నే పాతసామాన్ల అంజికి వేసేశానండీ," అన్నాడు ఏసుబాబు బుర్ర గోక్కుంటూ. గోపాలకృష్ణమూర్తి మొహం చూసి హారిక కంగారు పడిపోయింది.

"నిలబడి చూస్తావేంటి? వాడి ఆటో ఊరు దాటకముందే పట్టుకో, వెళ్లు!"

ఏసుబాబు వెళ్లాడు. హారిక దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "బాబాయ్ గారూ, ఏముంది ఆ అద్దంలో? సిద్ధాంతి గారెవరైనా అలా పెట్టుకోమన్నారా?"

ఆయన భార్య వైపు చూశాడు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఫర్వాలేదనుకున్నాడు.

"సిద్ధాంతీ లేడు, గిద్ధాంతీ లేడమ్మా. ఈ బండి కొన్న రోజున మీ పిన్ని కొత్త చీర కట్టుకుని వెనకెక్కింది. 'ఎలా ఉన్నానండీ?' అని అడిగింది. ముందు రోడ్డు చూడనీ, దిగాక చెప్తానన్నాను. దిగాక చెప్పడానికి సిగ్గేసింది. మర్నాడే అద్దం లోపలికి వంచాను. అప్పట్నించీ అందులో చూసుకుంటూనే ఉన్నాను. చూసినప్పుడల్లా తల దించుకుని నామాలు చదువుకుంటూ ఉంటుంది. ఏం చెప్పను? ఎప్పుడు చూసినా బావుంటుంది."

కుర్చీలో నామం ఆగిపోయింది.

"కృష్ణ కృష్ణ! నేనడిగిందెప్పుడు, మీరు చెప్పిందెప్పుడు?" అంది సీతారత్నం లేచి వస్తూ. "పోనీ చెప్పారు కదా అనుకుంటే నాకు కాదు, ఈ అమ్మాయికీ!"

"నీకు వినపడుతోందా?"

"నేను మూసుకుంది కళ్లండీ, చెవులు కాదు. ఏదీ, ఆ ముక్కేదో నా మొహం చూసి చెప్పండి."

హారిక నవ్వాపుకుంటూ గోడమీది క్యాలెండర్ వైపు తిరిగింది. గోపాలకృష్ణమూర్తి గొంతు సవరించుకున్నాడు. అద్దం అడ్డు లేకుండా భార్య మొహంలోకి చూశాడు.

"బావున్నావే. ఆ రోజూ బావున్నావు."

"హమ్మయ్య! బాకీ తీరింది," అందావిడ. మాట దబాయింపుగానే వచ్చింది గానీ, కళ్లు మాత్రం చెమ్మగిల్లాయి.

ఏసుబాబు రొప్పుతూ వచ్చాడు. చేతిలో పాత అద్దం. ఓ మూల కాస్త పెచ్చూడింది, అంతే. "బైపాస్ దగ్గర పట్టుకున్నానండీ!" అంటూ బిగించి, "ఇలాగాండీ?" అని అడిగాడు.

"ఇంకాస్త పైకి," అన్నాడు సీటు మీద కూర్చున్న గోపాలకృష్ణమూర్తి. "అబ్బే, ఎక్కువైంది. కొంచెం ఎడమకి. కాదయ్యా, మళ్లీ కిందికి."

ఎంత తిప్పినా పాత చోటు కుదరడం లేదు. సీతారత్నం పూలబుట్టతో వెనకెక్కి కూర్చుంది. కాసేపు ఓపిక పట్టింది. చివరికి ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి, అద్దాన్ని ఒక్కసారి పట్టుకుని తిప్పి వదిలేసింది.

సరిగ్గా అక్కడే! ఆవిడ మొహం నిండుగా అద్దంలోకి వచ్చింది. గోపాలకృష్ణమూర్తి నోరు తెరిచాడు. "దీని చోటు నీకెలా తెలుసే?"

సీతారత్నం మొదటిసారి తల దించుకోకుండా అద్దంలో ఆయన కళ్లలోకే చూస్తూ అంది:

"అలా ఉంటేనే కదండీ మీ మొహం నాకు కనపడేది, నాకు నామం తప్పేది!"