దోమలు రాని గోడలు

పెంపుడు పిల్లి బూడిద తన పొట్టను నాకి నాకి బోడి చేసుకుంది. పాపం దానికి పుండు పడిందని నాగవేణి వేపాకూ పసుపూ నూరి పట్టించింది. ఆ చేదు వదిలించుకోవాలని అది ఇంకా గట్టిగా నాకింది.

పశువుల డాక్టరు పేలు లేవన్నాడు. తిండి మార్పించాడు. అయినా తగ్గకపోయేసరికి అడిగాడు.

"ఇంట్లో కొత్తగా ఏమన్నా మారిందామ్మా?"

"ఏం లేదండీ. అందరిలాగే దోమల్ని మోతతో తరిమే గోడలు పెట్టించుకున్నాం, అంతే."

"అదే మరి. ఆ గోడల మోత మనకి వినపడదు. దానికి క్షణం తెరిపి లేకుండా వినపడుతుంది. ఆపించండి."

బెజవాడలో ఇప్పుడు ఆ గోడలు లేని ఇల్లే లేదు. పైగా అపార్ట్‌మెంటు మొత్తానికీ స్విచ్ ఒక్కటే. అది పై అంతస్తు కోటేశ్వరమ్మ చేతిలో ఉంది. గోడలు రాకముందు డెంగీతో కొడుకును పోగొట్టుకున్న మనిషి ఆవిడ.

"కొన్నాళ్ళు ఆపించండి పిన్నిగారూ. అందరికీ దోమతెరలు నేనే కొనిస్తాను."

"పిల్లి కోసమా, వేణీ?" అంది ఆవిడ. నాగవేణి వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

ఇంటికొచ్చి, పాలు పొయ్యి మీద పెట్టి చూస్తే, బూడిద పొట్ట మీద నెత్తురు. ఏం చెయ్యాలో తోచక దాన్ని ఒళ్ళో వేసుకుని, రెండు అరచేతులతో చెవులు మూసింది.

నాలుక ఆగింది. కళ్ళు మూతపడ్డాయి. ఎన్నాళ్ళకో అది గురగురలాడింది.

"పాలు మాడుతున్నాయే, చూడు!" స్నానాల గదిలోంచి భర్త కేకేశాడు.

"నా చేతులు ఖాళీ లేవండీ," అంది నాగవేణి ఏడుస్తూ. "ఇంక ఖాళీ అవ్వవు."