గోడమీది నవ్వుల ముల్లు

రెండువేల డెబ్భై ఒకటి, మార్చి తొమ్మిది. చద్దన్నంలో మాగాయ కలుపుకు తిని సోమసుందరం పాఠం చెప్పడానికి వెళ్లిన రోజది. ఊళ్లో అందరూ వారానికో గంట సైన్సు వినాలనీ, నవ్వించకుండా చెప్పకూడదనీ చట్టం వచ్చి పదేళ్లయింది. గోడమీద నవ్వులు కొలిచే యంత్రంలోని ముల్లు గంటలో ఒక్కసారైనా ఎర్రగీత దాటకపోతే పంతులు ఉద్యోగం ఊడినట్టే.

"కృష్ణబిలం మా పొరుగింటాయన లాంటిది. పట్టుకెళ్లిన గొడుగు తిరిగివ్వడు," అన్నాడాయన.

"దిగవయ్యా, పాత సొల్లూ నువ్వూనూ!" అని అరిచింది చేపలమ్మే సన్యాసమ్మ. వెనక ఈలలు లేచాయి. ఒక్కరూ నవ్వలేదు.

ఆయనకిక జోకు తోచలేదు. "అందులో పడేవాళ్లు పడిపోయినట్టు మనకి కనిపించరు. అంచు దగ్గరే ఆగి, మెల్లగా మసకబారతారు. మా ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఇంకా గుమ్మంలోనే ఉన్నట్టుంటుంది నాకు."

ఈలలు ఆగిపోయాయి. గంటకి నిమిషమే మిగిలింది. అప్పుడు సన్యాసమ్మ పొట్ట పట్టుకుని విరగబడి నవ్వింది. ముల్లు గీత దాటింది.

"నవ్వడానికేముందమ్మా ఇందులో?" అన్నాడాయన, మనసు చివుక్కుమని.

"ఏటీ నేదు. వచ్చే వారం తిట్టడానికి నువ్వుండాల గదేటి, పంతులూ!"

జనమంతా వెళ్లాక చివరగా బయటికి నడిచిందామె. ప్రతివారం ధడాలున వేసే తలుపును ఆ రోజు చప్పుడు కాకుండా మూసింది.