పేరులేనోడి దిద్దుబాట్లు

సూదుల తేదీలు చెప్పుకోవడానికి పెట్టుకున్న గొర్రెల సంఘం వాట్సాప్ గ్రూపులో ఆదివారం పొద్దున్నే ఒక లింకు వచ్చింది. అది నొక్కి చూడగానే నాగేశ్వర్లుకు ప్రాణం లేచివచ్చింది.

పశువుల డాక్టరు మీద అర్జీ అది. మొన్న దారిలో బండి పంక్చరై డాక్టరు ఆలస్యంగా వచ్చినందుకు సంఘంలోని పాపమ్మ మండిపడింది. సంఘం లెక్కలు చూసే చెంచులక్ష్మితో పట్టుబట్టి రాయించింది. ఒకటే వాక్యం: ‘డాక్టరు సరిగా రావడం లేదు, బదిలీ చేయగలరు.’

కింద చెంచులక్ష్మి మాట: “ఎవరికి తోచింది వాళ్లు ఫోన్లోనే దిద్దండి. సాయంత్రం ఐదింటికి ఎట్ల ఉంటే అట్ల ప్రింటు తీస్తా. రేపు మార్కాపురం పోయి ఇచ్చొస్తా.”

ఆ డాక్టరు ఈ ఊరు వదిలి పోవాలని నాగేశ్వర్లు మూడేళ్లుగా తిరగని ఆఫీసు లేదు. పోయిన ప్రతిచోటా ఒకటే జవాబు: “ఊరోళ్ల నుంచి ఒక్క ఫిర్యాదు లేదు. ఎందుకు కదిలించాలయ్యా?”

ఇప్పుడు ఫిర్యాదు దానంతటదే నడిచివచ్చింది. కాకపోతే మరీ మెత్తగా ఉంది.

ఆ పత్రంలో ఎవరు ఏ మాట కొట్టేసినా ఎర్రగీత పడుతుంది. చేర్చింది పచ్చగా కనపడుతుంది. పక్కనే వాళ్ల పేరు. నాగేశ్వర్లు తన పేరు పడకుండా లోపలికి దూరాడు. తెలిస్తే ఊళ్లో తలెత్తుకు తిరగలేడు. ‘సరిగా రావడం లేదు’ కొట్టేసి ‘అసలు రాడు’ అని పెట్టాడు.

టీ తాగి వచ్చేలోపు గొర్రెలకాపరి యల్లయ్య దాన్ని దిద్దేశాడు: ‘పిలిస్తే వస్తాడు.’

నాగేశ్వర్లు మళ్లీ దిద్దాడు: ‘పదిసార్లు పిలిస్తే వస్తాడు.’

యల్లయ్య బావమరిది కాటమరాజు తగులుకున్నాడు: ‘రెండోసారి పిలిచేలోపే వస్తాడు.’

నాగేశ్వర్లు పళ్లు కొరికి ‘వచ్చినా పని తెలియదు’ అని చేర్చాడు. యల్లయ్య దాన్ని కొట్టేసి ‘హస్తవాసి మంచిది’ అన్నాడు. ‘నిరుడు నీలినాలుక రోగం వచ్చినప్పుడు మందల దగ్గరే పడుకున్నాడు’ అని కాటమరాజు తోక తగిలించాడు. మధ్యాహ్నానికి అర్జీ కాస్తా సన్మానపత్రం అయి కూర్చుంది.

దొనకొండ నుంచి భార్య ఉమామహేశ్వరి ఫోన్ చేసింది.

“ఏమండీ, అయిందా?”

“యాడ అయితాది? నేను తిట్టు రాస్తే వాళ్లు దండ ఏస్తాండారు.”

“గట్టిగా రాయండి. మీకు మెత్తదనం ఎక్కువ. మొన్న మీరొస్తే మన పాప కొత్త మనిషని ఏడ్చింది, గుర్తుందా?”

గుర్తుంది. మళ్లీ పత్రం తెరిచాడు. పక్కన యల్లయ్య రాసిన మాటలు కనపడ్డాయి.

“ఎవర్రా ఈ పేరులేనోడు? మందుల దుకాణపోడివా? ఆయన ఉత్తగా మందులిస్తాంటే నీ బేరం పోతాందా?”

నాగేశ్వర్లు దాని కిందే రాశాడు: “ఎవరైతే ఏంలే మామా. ఆ డాక్టరు సంగతి నాకు తెలిసినంత నీకు తెలీదు.”

“నీకేం చేసినాడురా ఆయన?”

“ఆయన మూలంగానే నా పెళ్లాం ఒకచోట, నేనొకచోట.”

అది చూసి కాటమరాజు అర్జీలో ఇంకో పచ్చవాక్యం పెట్టాడు: ‘పరాయి ఆడవాళ్ల వైపు కన్నెత్తి చూడడు.’

నాగేశ్వర్లు తల పట్టుకున్నాడు.

నాలుగు దాటాక యల్లయ్య చప్పుడు లేదు. కాటమరాజు మంద వెంట పోయినట్టున్నాడు. ఇదే సందు అనుకుని నాగేశ్వర్లు మొత్తం తుడిచేశాడు. ‘అసలు రాడు. వచ్చినా పని తెలియదు. ఆదివారమైతే ఫోనే ఎత్తడు. వెంటనే బదిలీ చేయాలి’ అని టైపు కొట్టాడు. ఇక ఐదుదాకా కాపలా కాస్తే చాలు. తను పక్కకు తిరిగితే కాటమరాజు వచ్చి మళ్లీ దండ వేస్తాడు.

ఇంతలో ఫోన్ మోగింది. యల్లయ్య. మొదటి రింగుకే ఎత్తాడు.

“డాక్టరు సారూ, గొర్రె ఈనలేక పొర్లాడతాంది, తొందరగ రా నాయనా” అని యల్లయ్య గొంతు వినపడగానే నాగేశ్వర్లు అర్జీని దాని ఖర్మానికి వదిలేసి, మందుల సంచి భుజాన వేసుకుని బండి తీశాడు.